లె కార్బూజియే తొలి ఇళ్లు: స్తంభాలు పోయాయి, కొలతలు మిగిలాయి

క్లుప్తంగా

చండీగఢ్ రూపకర్తగా మనకు తెలిసిన లె కార్బూజియే 1912 నుంచి 1917 దాకా స్విట్జర్లాండ్‌లో కట్టిన ఇళ్లు గ్రీకు, రోమన్ సంప్రదాయాన్ని బాహాటంగానే అనుసరించాయి. తర్వాత ఆయనే వాటిని తన రచనల సంపుటిలోంచి తప్పించాడు. దాంతో ఆధునిక నిర్మాణం గతంతో తెగతెంపులు చేసుకుని పుట్టిందన్న కథ బలపడింది. ఆ ఇళ్లనూ, 1920లలో ఆయన కట్టిన ప్రసిద్ధ విల్లాలనూ పక్కపక్కన పెడితే వేరే సంగతి బయటపడుతుంది. సంప్రదాయపు అలంకారం పోయింది, అమరిక నిలిచింది. ఆ మార్పుకు ఇరుసు కాంక్రీటు ఫ్రేము.

రెండు పాఠాలు, ఒక చిక్కు

ఆర్కిటెక్చర్ విద్యార్థులకు చదువు మొదట్లోనే ఎదురయ్యే చిక్కు ఇది. ఒక పాఠం ప్రకారం లె కార్బూజియే (1887–1965) పాత శైలులన్నిటినీ తోసిపుచ్చినవాడు, ఇల్లంటే నివసించడానికి ఒక యంత్రం అన్నవాడు. ఇంకో పాఠం ప్రకారం ఏథెన్స్‌లోని పార్థినాన్ ఆలయాన్ని చివరిదాకా ప్రమాణంగా పెట్టుకున్నవాడు. ఈ రెండో మాటకు ఆధారం ఆయన సొంత పుస్తకంలోనే ఉంది. 1923లో అచ్చయిన ఆ పుస్తకంలో ఎదురెదురు పేజీల మీద పైన ఇటలీలోని పేస్టమ్‌లో ఉన్న పాత గ్రీకు ఆలయం, దాని తర్వాతి కాలపు పార్థినాన్ కనిపిస్తాయి. కింద 1907 నాటి హంబర్ కారు, 1921 నాటి డెలాజ్ కారు. పాత ఆలయం నుంచి కొత్త ఆలయానికి గ్రీకులు మెరుగుపడినట్టే, ఆ కారు నుంచి ఈ కారుకు ఇంజనీర్లు మెరుగుపడ్డారన్నది అక్కడి వాదన. అంటే యంత్రాన్ని పొగడడానికి ఆయన తెచ్చుకున్న సాక్షి గ్రీకు ఆలయమే.

ఈ వైరుధ్యం మాటల్లో తేలదు. కట్టిన ఇళ్లలో తేలుతుంది. అందులోనూ, ఆయన లె కార్బూజియే అన్న పేరు పెట్టుకోకముందు, షార్ల్-ఎద్వార్ జానరే అన్న సొంత పేరుతో పుట్టినూళ్లో కట్టిన ఇళ్లలో తేలుతుంది. వాటిని చూడకుండా పారిస్ విల్లాల దగ్గరే కథ మొదలుపెట్టడం వల్ల ఈ చిక్కు ఇంతకాలం నిలిచింది.

ముందుగా ఒక విడదీత అవసరం. ఐరోపా నిర్మాణంలో క్లాసికల్ సంప్రదాయం అనే మాటకు రెండు పొరలున్నాయి. ఒకటి కంటికి కనిపించేది: స్తంభం, దాని తలమీది శీర్షం, పైకప్పు అంచున ముందుకు పొడుచుకొచ్చే కార్నిస్, ద్వారం ముందు స్తంభాల మండపం, అంటే పోర్టికో. రెండోది ప్లానులో ఉండేది: నడిమి గది చుట్టూ మిగతా గదుల పేర్పు, ఎడమ కుడి తూకం, పొడవు వెడల్పు ఎత్తుల మధ్య లెక్కకు దొరికే నిష్పత్తి, గుమ్మం నుంచి లోపలికి మనిషిని నడిపించే క్రమం. 16వ శతాబ్దపు ఇటలీలో ఆర్కిటెక్ట్ పల్లాడియో కట్టిన విల్లాలు ఈ రెండు పొరలూ కలిసి ఉన్నందుకే ఆదర్శాలయ్యాయి. లె కార్బూజియే చేసిన పని ఆ రెంటినీ విడదీయడం. పద్యం మీద చెయ్యి తిరిగిన కవి వచనంలోకి వచ్చినప్పుడు యతిప్రాసలు కనిపించకపోయినా లయ వినిపిస్తూనే ఉంటుంది కదా, ఇదీ అంతే.

మొదటి ఇల్లు మాత్రం కొండ ఊరిదే

ఆయన పుట్టిన లా షో-ద-ఫో ఫ్రెంచి సరిహద్దుకు దగ్గర్లో, జురా కొండల్లో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న గడియారాల ఊరు. 1794 అగ్నిప్రమాదంలో పాత ఊరు కాలిపోయాక, 19వ శతాబ్దంలో నేరు వీధులతో గళ్లు గీసినట్టు పెరిగింది. తండ్రి గడియారాల డయళ్లకు ఎనామెల్ పూత పనివాడు, తల్లి పియానో నేర్పేది. కొడుకు స్థానిక కళాపాఠశాలలో గడియారాల కేసుల మీద చెక్కడం నేర్చుకున్నాడు. అతన్ని ఇళ్ల వైపు మళ్లించినది అక్కడి గురువు షార్ల్ లెప్లాతెనియే. ఆర్కిటెక్చర్‌లో డిగ్రీ అంటూ ఆయనకు ఎప్పుడూ లేదు.

ఆ గురువు నేర్పిన పద్ధతి స్థానిక ప్రకృతి నుంచి నమూనాలు తీయడం. కొండల్లో పెరిగే ఫర్ అనే సూదాకుల చెట్టు ఆకారాన్ని త్రికోణాలుగా కుదించి, దాన్నే గోడ మీద, రెయిలింగులో, కిటికీ పట్టీలో వాడేవారు. 1906–07లో అనుభవజ్ఞుడైన రెనే షాపల్లాజ్‌తో కలిసి కట్టిన విల్లా ఫల్లే అలాంటిదే. నిటారు వాలు కప్పు, రాతి పునాది గోడలు, పైన రంగు పూతలో గీకి తీసిన చెట్ల నమూనాలు. ఆ తర్వాతి స్టోట్జర్, జాక్మె ఇళ్లూ ఇదే కుటుంబానికి చెందినవి. వీటిలో క్లాసికల్ వాసన ఏమీ లేదు. అందువల్ల ఆ సంప్రదాయం ఆయనకు పుట్టుకతోనో, బడిలోనో అంటిందని చెప్పడానికి వీల్లేదు. అది ఎంచుకున్నది.

1907 నుంచి 1911 దాకా ఏం జరిగింది

మొదటి ఇంటి సంపాదనతో 1907లో ఇటలీ వెళ్లినప్పుడు ఆయన్ని పట్టుకున్నవి మధ్యయుగపు చర్చిలు, వాటి అలంకారం. రోమన్ సామగ్రి మీద అప్పటికింకా గురి కుదరలేదు. నాలుగేళ్ల తర్వాత అదే మనిషి ఏథెన్స్ కొండమీద వారాల తరబడి బొమ్మలు గీసుకుంటూ ఉండిపోయాడు. ఈ మధ్యలో మూడు పనులు జరిగాయి.

మొదటిది పారిస్. 1908–09లో ఆయన ఆగస్ట్ పెరె ఆఫీసులో పనిచేశాడు. ఇనుప కడ్డీలు పెట్టిన కాంక్రీటుతో ఇళ్లు కట్టడంలో పెరె అప్పటికే పేరున్నవాడు. అయితే ఆ కొత్త పదార్థాన్ని స్తంభం, దూలం అనే పాత క్రమశిక్షణలోనే చూసేవాడు. కాంక్రీటుకూ క్లాసికల్ దృష్టికీ పొత్తు కుదురుతుందన్న సంగతి జానరేకు తెలిసింది అక్కడే.

రెండోది ఒక పుస్తకం. అలెగ్జాండ్ర్ సింగ్రియా-వానేర్ అనే స్విస్ రచయిత 1908లో ఒక వాదన ప్రచురించాడు. ఫ్రెంచి మాట్లాడే స్విట్జర్లాండ్ ఆత్మ జర్మన్ కొండలది కాదు, మధ్యధరా సముద్రానిది. కాబట్టి అక్కడి ఇళ్లు షాలేలనే వాలు కప్పుల కొండ ఇళ్లు కాకుండా గ్రీకు, లాటిన్ పద్ధతిలో ఉండాలని అందులో రాశాడు. 1910లో జానరే దాన్ని చదివి ఎంతో కదిలాడు. ఈ వాదన చరిత్రగా ఎంత నిలుస్తుందన్నది వేరే విషయం. అతని చేతిలో మాత్రం అది గురువు నేర్పిన ఫర్ చెట్టుకు జవాబుగా పనిచేసింది. క్లాసికల్ అంటే దూరదేశపు అనుకరణ కాదు, తన ప్రాంతపు సొంత గొంతు అని నమ్మడానికి వీలు కల్పించింది.

మూడోది బెర్లిన్ శివార్లలోని జర్మన్ ఆర్కిటెక్ట్ పీటర్ బెరెన్స్ ఆఫీసు. 1910 నవంబరు నుంచి 1911 ఏప్రిల్ దాకా అక్కడ ఉన్నాడు. ఏఈజీ అనే విద్యుత్ పరికరాల కంపెనీకి టర్బైన్ ఫ్యాక్టరీ కట్టిన బెరెన్స్, దాన్ని ఆలయానికుండే గాంభీర్యంతో నిలబెట్టాడు. ఆ ఆఫీసు ఉన్న నాయ్‌బాబెల్స్‌బర్గ్ చుట్టుపక్కల 19వ శతాబ్దపు జర్మన్ ఆర్కిటెక్ట్ షింకెల్ కట్టిన విల్లాలు, తోట భవనాలు ఉన్నాయి. తర్వాత ఆధునికతకు మరో మూలస్తంభమైన మీస్ వాన్ డెర్ రోహె కూడా ఆ కాలంలో ఇదే ఆఫీసు మనిషి. 1911లో మీస్ మొదలుపెట్టిన పెర్ల్స్ ఇంట్లో షింకెల్ ప్రభావం సూటిగా కనిపిస్తుంది. ఈ ఇద్దరూ ఒకే చోట ఒకే పాఠం నేర్చుకోవడం కాకతాళీయంగా తీసిపారేయదగ్గది కాదు. 1900 తర్వాతి జర్మనీలో మెలికల అలంకారం మీద విసుగు పుట్టి, 1800 నాటి నిరాడంబర క్లాసికల్ ఇంటి వైపు ఆ వృత్తిలో చాలామంది మళ్లారు.

ఆ తర్వాతే తూర్పు యాత్ర. 1911 మే నెలలో మిత్రుడు ఆగస్ట్ క్లిప్‌స్టైన్‌తో బయల్దేరి, ప్రాగ్, వియన్నా, బల్కన్ దేశాల మీదుగా ఇస్తాంబుల్, ఆథోస్ పర్వతం, ఏథెన్స్, పాంపే, రోమ్ చూశాడు. ఏథెన్స్ దగ్గర ఆయన్ని ఆకట్టుకున్నది ఒక్క ఆలయపు అందం కాదు, దాన్ని చేరే దారి. కొండ ఎక్కి ద్వార మండపం దాటగానే పార్థినాన్ ఎదురుగా నిలబడదు. ఓరగా, మూల నుంచి కనిపిస్తుంది. నడిచేకొద్దీ తిరుగుతూ విచ్చుకుంటుంది. పాంపేలోని ఒక ఇంట్లో ఇంకో పాఠం దొరికింది. ఇరుకైన చిన్న నడవా వీధిని మరిపిస్తుంది. అక్కడి నుంచి ఒక్కసారిగా పెద్ద చావడి, దాని మధ్యలో పైకి లేచిన నాలుగు స్తంభాలు. ఈ రెండు అనుభవాలూ ఊరికి తిరిగొచ్చిన వెంటనే కట్టిన ఇంట్లో పనిలోకి దిగాయి.

తల్లిదండ్రుల కోసం కట్టిన తెల్ల ఇల్లు

1912 నాటి విల్లా జానరే-పెరె ఆయన ఒంటరిగా, సొంత బాధ్యత మీద కట్టిన మొదటి ఇల్లు. ఊరివాళ్లు దానికి పెట్టిన పేరు మెజోన్ బ్లాంష్, అంటే తెల్ల ఇల్లు. అంతకుముందు కట్టిన ఫల్లే ఇంటికి కొద్ది దూరంలో, అదే కొండ వాలు మీద ఉంది. రెంటి మధ్యా ఐదేళ్లే తేడా. ఒకటి అడవిలోంచి లేచినట్టుంటే, ఇంకోటి దక్షిణ సముద్రతీరం నుంచి తెచ్చి నిలబెట్టినట్టుంటుంది.

ఈ ఇంటి గుమ్మం వీధివైపు కనిపించదు. కింద గేటు దగ్గర మెట్లెక్కి, పందిరి వేసిన తోట పక్కగా నడిచి, ఇంటిని చుట్టు తిరిగితే గానీ తలుపు దొరకదు. ఆ తోటకు ఆయన పెట్టిన పేరు వేసవి గది. కప్పు లేకపోయినా అది ఇంటి గదుల్లో ఒకటన్న లెక్కలోనే ప్లాను గీశాడు. తలుపు దాటాక చిన్న ప్రవేశం, ఆపైన నడిమి హాలు. హాలుకు అటూ ఇటూ మిగతా గదులు తెరుచుకుంటాయి. భోజనాల గది ఒకవైపు అర్ధవృత్తంగా, రోమన్ కట్టడాల్లోని గూడులాగా బయటికి వచ్చింది. బరువు మోయడానికి ఇంటి నడుమ నాలుగు చదరపు స్తంభాలున్నాయి. పాంపే చావడిలోని నాలుగు స్తంభాలు, ఏథెన్స్ కొండమీది చుట్టుదారి ఒక గడియారాల పనివాడి ఇంటికి సరిపడే కొలతల్లోకి కుదించుకుని రావడం ఇక్కడ స్పష్టంగా చూడొచ్చు.

పై అంతస్తులో కప్పు చూరు కిందే కిటికీలు ఒకదాని పక్కన ఒకటి పట్టీలా సాగుతాయి. వాటి మధ్య పొట్టి స్తంభాలు. ఈ వరసను 1920లలో ఆయన ప్రచారం చేసిన పట్టీ కిటికీకి ముందురూపంగా చెప్పేవాళ్లున్నారు. పోలిక ఉంది, అయితే యంత్రాంగం వేరు. ఇక్కడ కిటికీల మధ్య స్తంభాలు కప్పు బరువు మోస్తున్నాయి. అవి లేకపోతే చూరు నిలవదు. తర్వాతి విల్లాల్లో స్తంభాలు లోపలికి జరిగిపోయి, బయటి గోడకు మోయాల్సిన బరువే ఉండదు. అప్పుడే కిటికీ అడ్డులేకుండా ఈ మూల నుంచి ఆ మూలకు సాగింది. చూపుకు ఒకటిగా కనిపించే ఈ రెంటి మధ్య తేడా పట్టుకోకపోతే మొత్తం కథ తప్పుతుంది.

ఇల్లు అందంగా వచ్చినా ఖర్చు తల్లిదండ్రుల తాహతు మించింది. 1919లో నష్టానికి అమ్ముకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత అదే తల్లిదండ్రులకు జెనీవా సరస్సు ఒడ్డున కోర్సోలో ఆయన మరో ఇల్లు మొదలుపెట్టాడు. అది 64 చదరపు మీటర్లకు మించని చిన్న పెట్టె లాంటి ఇల్లు. 2016లో యునెస్కో ఏడు దేశాల్లోని ఆయన 17 కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ సరస్సు ఇల్లు చోటు సంపాదించింది. తెల్ల ఇల్లు మాత్రం ఆ 17లో లేదు. ఒక స్థానిక సంఘం పూనుకుని దాన్ని బాగుచేయించింది, 2005 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు.

కారు తిరిగే వాకిలి

అదే 1912లో పక్క ఊరు ల లోక్ల్‌లో జెనిత్ గడియారాల కంపెనీ స్థాపకుడు జార్జ్ ఫావ్ర్-జాకోకు మరో విల్లా కట్టాడు. తొలి ఇళ్లలో పైపొర క్లాసికల్ భాష అన్నిటికన్నా ఎక్కువ వినిపించేది ఇందులోనే. స్తంభాల ప్రవేశం, శైలీకృత శీర్షాలు, గుండ్రటి ముందు గది, చాలావరకు ఎడమ కుడి తూకం. బెరెన్స్ కట్టిన జర్మన్ విల్లాల ఛాయ దాచినా దాగదు.

ఇందులో ఒక విషయం మాత్రం ఆగి చూడాలి. ఇంటి ముఖం వాకిలిని చేతులు చాచి పొదువుకున్నట్టు లోపలికి వంపు తిరుగుతుంది. ఆ వంపు యజమాని కారు వచ్చి, గుమ్మం ముందు ఆగి, తిరిగి వెళ్లడానికి అనువుగా గీసినది. పాత రాజభవనాల ముందు గుర్రబ్బండి వాకిలిని కారుకు సరిచేశాడన్నమాట. 1928–31 మధ్య పారిస్ దగ్గర పువాసీలో కట్టిన విల్లా సవోయ్‌లో కింది అంతస్తు గాజు గోడ వంపును కూడా కారు తిరిగే వృత్తమే నిర్ణయించింది. ఆధునిక యుగపు గుర్తుగా పాఠ్యపుస్తకాలన్నీ చూపే ఆ వంపుకు ముందటి రూపం ఒక గడియారాల వ్యాపారి వాకిట్లో, స్తంభాల మధ్య ఉంది. ఇలాంటి చోట్లే తొలి ఇళ్ల విలువ తెలుస్తుంది.

ష్వాబ్ ఇల్లు: కాంక్రీటుకు తొడిగిన కార్నిస్

1914లో యుద్ధం మొదలై బెల్జియంలోని ఫ్లాండర్స్ ఊళ్లు నేలమట్టమైనప్పుడు, త్వరగా ఇళ్లు కట్టే ఉపాయంగా మాక్స్ దు బ్వా అనే ఇంజనీరు సాయంతో జానరే ఒక చట్రం ఆలోచించాడు. పేరు దోమ్-ఇనో. మూడు స్లాబులు, ఆరు పిల్లర్లు, ఒక మెట్ల వరస, అంతే. గోడలన్నవి తర్వాతి సంగతి. ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. తెలుగు ఊళ్లలో ముందు పిల్లర్లు లేపి, స్లాబు వేసి, ఆ తర్వాత తీరుబడిగా ఇటుక గోడలు పెట్టుకునే పద్ధతి ఇప్పుడు ఎంత మామూలో తెలిసిందే. 1914లో ఒక చిన్న ఇంటిని అలా ఊహించడం మామూలు విషయం కాదు.

ఆ ఊహను నిజమైన ఇంట్లో పరీక్షించింది 1916–17లో, అనతోల్ ష్వాబ్ అనే గడియారాల వ్యాపారికి కట్టిన విల్లాలో. లోపల కాంక్రీటు ఫ్రేము, ఖాళీల్లో లేతరంగు ఇటుక గోడలు, పైన చదును కప్పు. మంచు పడే ఆ ఊళ్లో చదును కప్పు పెట్టడం సాహసమే. వాననీటిని లోపలి గొట్టాల గుండా దింపాడు. తోటవైపు రెండంతస్తుల ఎత్తున్న పెద్ద గాజు కిటికీకి రెండు పొరల అద్దాలు పెట్టి, వాటి మధ్య వేడి గొట్టాలు నడిపాడు. ఇదంతా పూర్తిగా ఆ కాలపు ఇంజనీరింగు.

కానీ ప్లాను చూస్తే నడుమ రెండంతస్తుల హాలు, దాని చుట్టూ నాలుగు ప్రధాన స్తంభాలు, రెండు పక్కలా అర్ధవృత్తాకారపు గదులు, ఖచ్చితమైన ఎడమ కుడి తూకం. బయట కప్పు అంచున బరువైన కార్నిస్ ఇంటిని చుట్టి ఉంటుంది. గోడలను ఎక్కడైనా పెట్టుకునే స్వేచ్ఛ ఇచ్చే చట్రాన్ని కట్టి, ఆ స్వేచ్ఛను వాడుకోకుండా పల్లాడియో పద్ధతిలోనే గదులు పేర్చాడు. తొలి ఇళ్లలో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన క్షణం. చేతిలో కొత్త పనిముట్టు ఉంది, మనసులో పాత అమరిక ఉంది, ఇంకా ఆ రెంటికీ పేచీ మొదలు కాలేదు.

వీధివైపు ముఖం మీద ఒక పెద్ద ఖాళీ చదరం ఉంది. ఇటుక చట్రం మధ్య తెల్లటి పూత, ఏమీ లేని గోడ. చిత్రం వేయడానికో శిల్పం పెట్టడానికో వదిలినట్టుంటుంది, కానీ ఏదీ రాలేదు. బ్రిటిష్ విమర్శకుడు కోలిన్ రో 1950లో ఒక వ్యాసంలో ఈ ఖాళీనే పట్టుకుని, 16వ శతాబ్దపు ఇటలీలో విచెంజాలో పల్లాడియో పేరుమీద చెప్పే ఇంటిలోనూ, ఫ్లారెన్స్‌లో చిత్రకారుడు జుక్కారి కట్టిన భవనంలోనూ ఇలాంటి ఖాళీ చదరాలే ఉన్నాయని చూపించాడు. నియమం తెలిసినవాడే కావాలని చూపును నిరాశపరిచే పద్ధతి అది. చూసేవాడి కన్ను నడిమి ఖాళీ మీద నిలవలేక అంచులకు జారుతుంది. పదేళ్ల తర్వాత పారిస్ దగ్గరి గార్ష్ విల్లాలో ఆయన చేసిన పని సరిగ్గా ఇదే.

ఊళ్లో దీన్ని టర్కీ విల్లా అన్నారు. ఆ పేరులో నిజం లేకపోలేదు. ఇస్తాంబుల్ ఇళ్ల మూసిన ముఖాలు, లోపలి విశాలమైన గదులు 1911 యాత్ర నుంచి ఆయన వెంట వచ్చాయి. అంతా గ్రీకు, రోమన్ ఖాతాలో వేస్తే అన్యాయమే అవుతుంది.

దాచింది ఎందుకు

ష్వాబ్ ఇంటి ఖర్చు అంచనాకు అందకుండా పోయి, యజమానితో గొడవ కోర్టుకెక్కింది. 1917లో జానరే ఊరు వదిలి పారిస్ వెళ్లిపోయాడు, 1920 నుంచి లె కార్బూజియే అయ్యాడు. 1921లో తాను నడిపే పత్రికలో ష్వాబ్ ఇంటి ఫొటోలు వేసినప్పుడు పందిరి, చెట్టూచేమా లాంటివాటిని బొమ్మలోంచి చెరిపించాడు. ఇల్లు ఎక్కడిదో తెలియని శుద్ధ ఆకారంగా మిగిలింది. 1923 పుస్తకంలో అదే ఇంటి ముఖం మీద నిష్పత్తులు సరిచూసే నియంత్రణ రేఖలు గీసి చూపించాడు. ఆ రేఖల లెక్క కష్టమైనదేమీ కాదు. రెండు దీర్ఘచతురస్రాల కర్ణాలు ఒకదానికొకటి సమాంతరంగా గానీ, లంబంగా గానీ ఉంటే వాటి పొడవు వెడల్పుల నిష్పత్తి ఒకటే. కాబట్టి మొత్తం గోడకూ, అందులోని కిటికీకీ, తలుపుకూ కర్ణాలు ఇలా కలిసేట్టు చూసుకుంటే చిన్నదీ పెద్దదీ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. గ్రీకులు, పునరుజ్జీవన కాలపు శిల్పులు వాడారని ఆయన నమ్మిన పద్ధతి ఇది.

1910 నుంచి 1929 వరకు చేసిన పనులంటూ తన సమగ్ర సంపుటి మొదటి భాగం వెలువరించే నాటికి ఆ ఇంటిని కూడా పక్కన పెట్టాడు. అందులో కాగితం మీది దోమ్-ఇనో ఉంది; నిజంగా కట్టిన తెల్ల ఇల్లు, ఫావ్ర్-జాకో విల్లా, ష్వాబ్ విల్లా లేవు. కారణం ఊహించడం కష్టం కాదు. కార్నిస్‌లతో, స్తంభ శీర్షాలతో ఉన్న ఇళ్లు పక్కన ఉంటే, 1926–27లో ఆయన ప్రకటించిన ఐదు సూత్రాలకు, అంటే పిల్లర్ల మీద లేచిన ఇల్లు, కప్పు మీద తోట, స్వేచ్ఛా ప్లాను, పట్టీ కిటికీ, బరువు మోయని ముఖభాగం అన్నవాటికి పదును తగ్గేది. మీస్ కూడా తన తొలి క్లాసికల్ ఇళ్లను ముందుకు తెచ్చుకోలేదు. ఆ తరానికి గతం లేకుండా పుట్టామని చెప్పుకోవడం అవసరమైంది. ఆ దాపరికం వల్ల నష్టపోయింది చదివేవాళ్లు. ఫలితాన్ని చూశారు గానీ, అది ఏ దారిన వచ్చిందో చూడలేదు. 1997లో అమెరికన్ చరిత్రకారుడు హెచ్. ఆలెన్ బ్రూక్స్ ఆ తొలి సంవత్సరాల మీద సవివరమైన పరిశోధన ప్రచురించాక గానీ దారి పూర్తిగా కనబడలేదు.

గార్ష్, మల్‌కొంటెంటా: పోలిక ఎక్కడ, తేడా ఎక్కడ

దాచినా అమరిక దాగలేదని చూపించిన వ్యాసం కూడా కోలిన్ రోదే, 1947 నాటిది. పారిస్ దగ్గర గార్ష్‌లో 1926–28 మధ్య కట్టిన విల్లా స్టైన్‌ను ఆయన పల్లాడియో 16వ శతాబ్దం నడిమిలో వెనిస్ దగ్గర కట్టిన విల్లా మల్‌కొంటెంటా పక్కన పెట్టాడు. రెంటికీ పొడవు 8 పాళ్లు, వెడల్పు 5½ పాళ్లు, ఎత్తు 5 పాళ్లు. పొడవునా గదుల విభజన రెంటిలోనూ 2:1:2:1:2. నాలుగు శతాబ్దాల దూరంలో ఉన్న రెండు పెట్టెలకు ఒకే లెక్క.

తేడా వచ్చేది అడ్డంగా చూసినప్పుడు. పల్లాడియో ఇల్లు లోతులో 2:2:1½గా విడుతుంది. గార్ష్ ఇల్లు ½:1½:1½:1½:½గా విడుతుంది. ఆ రెండు అర పాళ్లు చట్రం దాటి ముందుకూ వెనక్కూ సాగిన స్లాబు అంచులు. దీనివల్ల ముఖభాగం గోడ మీద బరువు లేదు, కిటికీ పట్టీ అడ్డులేకుండా సాగింది. ఇంకా లోతైన తేడా గదుల్లో ఉంది. మల్‌కొంటెంటా గోడలు కప్పును మోస్తాయి. కింద గోడ ఉన్నచోటే పైనా గోడ ఉండాలి, బరువు రెండువైపులా సమంగా పడాలి. అందువల్ల ఎడమ కుడి తూకం పల్లాడియోకు అందం కోసమే కాదు, కట్టడం అడిగినది కూడా. మధ్యలో శిలువ ఆకారపు హాలు ఆ తర్కానికి శిఖరం. గార్ష్‌లో బరువును పిల్లర్లు మోస్తాయి కనుక ఏ అంతస్తు గోడలు ఆ అంతస్తువే. నడిమి హాలు అక్కర్లేదు. చూపు మధ్యకు చేరదు, అంచులకు చెదురుతుంది. ష్వాబ్ ఇంటి ఖాళీ చదరం బయట చేసిన పని ఇక్కడ లోపలా జరిగింది.

ఈ పోలికను అతిగా లాగేవాళ్లూ ఉన్నారు. నిష్పత్తులు కలిసినంత మాత్రాన పల్లాడియో ప్లాను ముందు పెట్టుకుని గార్ష్ గీశాడని రుజువు కాదు. రో కూడా ఆ మాట అనలేదు. ఇద్దరూ అందం అంకెల్లో దొరుకుతుందని నమ్మారన్నది ఆయన చెప్పినది. పల్లాడియోకు ఆ అంకెలు విశ్వ సామరస్యానికి గుర్తులు. లె కార్బూజియేకు అవి పనిముట్లు. గార్ష్ ముఖభాగం డ్రాయింగు మీదనే ఆయన స్వర్ణ నిష్పత్తి సమీకరణం రాసి పెట్టాడు. ఈ నమ్మకం 1910–17 మధ్య ఎలా కుదురుకుందో తెలిపే సాక్ష్యం మాత్రం తొలి ఇళ్లలోనే ఉంది. అందుకే గార్ష్ నుంచి పల్లాడియోకు నేరుగా గెంతడం కన్నా, తెల్ల ఇల్లు, ష్వాబ్ ఇల్లు మీదుగా నడిచి వెళ్లడం నమ్మదగిన దారి.

చండీగఢ్ దాకా

1951లో పని మొదలైన చండీగఢ్‌లో, 1962లో పూర్తయిన శాసనసభ భవనం ఈ కథకు భారతదేశంలో ఉన్న కొస. చదరపు పెట్టె లాంటి భవనం, ముందు పలుచటి గోడల్లాంటి దిమ్మెలు మోసే విశాలమైన పోర్టికో, లోపల వరసలు వరసలుగా పిల్లర్లున్న హాలు, అందులో గుండ్రటి సభామందిరం. బెర్లిన్‌లో షింకెల్ కట్టి 1830లో తెరిచిన పాత మ్యూజియాన్ని దీని పక్కన పెట్టి చూడమని రో 1973లో తన పాత వ్యాసానికి చేర్చిన అనుబంధంలో సూచించాడు. అక్కడా పెట్టె, ముందు 18 స్తంభాల వరస, లోపల గుండ్రటి మందిరం. బెరెన్స్ ఆఫీసులో ఉన్న ఆ నెలల్లో జానరే తిరిగిన నగరం అదే.

షింకెల్ గుండ్రటి మందిరం సరిగ్గా మధ్యలో ఉంటుంది. రెండు పక్కలా ప్రాంగణాలు, చుట్టూ బరువు మోసే గోడలు దాన్ని అక్కడ కట్టిపడేశాయి. చండీగఢ్‌లో సభామందిరం మధ్య నుంచి పక్కకు జరిగింది. విద్యుత్ కేంద్రాల కూలింగ్ టవర్ ఆకారంలో కప్పును చీల్చుకుని పైకి లేచింది. దాని చుట్టూ పిల్లర్ల వరసలు తమ లెక్క తప్పకుండా సాగుతాయి, మందిరం తన ఇష్టం వచ్చినచోట నిలుస్తుంది. ఒకదాని బరువు ఒకదాని మీద పడదు కనుకనే ఇది సాధ్యమైంది. ష్వాబ్ ఇంట్లో ఫ్రేము ఇచ్చిన స్వేచ్ఛను వాడుకోకుండా వదిలేసిన ఆర్కిటెక్ట్, అదే పోర్టికోను, అదే గుండ్రటి గదిని ఉంచుకుంటూ ఇక్కడ ఆ స్వేచ్ఛను పూర్తిగా వాడుకున్నాడు.